మెక్సికో వెళ్తున్నాం: అడుక్కునేవాళ్లు, జేబుదొంగల విషయంలో సలహా కావాలి

డాలస్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు. నాది హెచ్1బి ఉద్యోగ వీసా, మా ఆవిడది దాని మీద వచ్చే హెచ్4. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకుని నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవుల్లో బీచ్‌ల ఊరు కాన్‌కూన్, అక్కడి నుంచి విమానంలో మెక్సికో సిటీ వెళ్తున్నాం. ఆఫీసులో ఎవరిని అడిగినా భయపెట్టేవాళ్లే. డబ్బులివ్వమని చుట్టూ మూగుతారట, పర్సులు కొట్టేస్తారట. మా అమ్మకేమో ఎవరైనా చెయ్యి చాపితే ఇవ్వకుండా ముందుకు నడవడం చేతకాదు. అక్కడ ఉండి వచ్చినవాళ్లు కాస్త చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

హ్యూస్టన్ నుంచి, ఇదివరకు గ్వాదలహారాలో ఉన్న సభ్యురాలు:

తమ్ముడూ, భయపడి టికెట్లు క్యాన్సిల్ చేసుకోవద్దు. మావారి ఉద్యోగం వల్ల మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో కొన్నేళ్లు పిల్లలతో ఉన్నాం. మనసుకు చాలా దగ్గరైన దేశం అది. వెళ్లేముందు ఒక్క సంగతి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి: అడిగేవాళ్లు వేరు, కొట్టేసేవాళ్లు వేరు. కొత్తగా వెళ్లిన మనవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు. పాత బట్టలతో ఎదురొచ్చిన ముసలావిడను చూసి బ్యాగు గట్టిగా పట్టుకుంటారు, పక్కనే శుభ్రమైన చొక్కా వేసుకుని మెట్రో ఎక్కేవాడిని గమనించరు. జేబులో చెయ్యి పెట్టేది ఎక్కువగా ఆ రెండోవాడే.

అడిగేవాళ్లందరూ బిచ్చగాళ్లు కూడా కాదు. మెక్సికో సిటీ పాత ఊళ్లో, మదేరో వీధిలో, బెయాస్ ఆర్తెస్ అనే కళాభవనం దగ్గర ఖాకీ దుస్తుల్లో ఒక పెట్టె పిడి తిప్పుతూ పాట వినిపించి టోపీ చాపేవాళ్లు ఉంటారు. వాళ్లు ఆర్గనియేరోలు. ఆ వాద్యాలు 19వ శతాబ్దం చివర్లో జర్మనీ నుంచి వచ్చినవి. అది వాళ్ల వృత్తి. సూపర్ మార్కెట్‌లో సామాన్లు సంచిలో సర్దిపెట్టే పెద్దవయసు వాళ్లకు చాలాచోట్ల జీతం ఉండదు, మనమిచ్చే చిల్లరే ఆదాయం. కారు ఆపేచోట ఎర్రగుడ్డ ఊపుతూ వెనక్కి, ముందుకు అని సైగలు చేసేవాళ్లూ ఉంటారు. వీళ్లకు ఐదో పదో పెసోలు (అక్కడి డబ్బు) ఇస్తే సరిపోతుంది. డాలరుకు కొన్నేళ్లుగా సుమారు 17 నుంచి 20 పెసోలు వస్తున్నాయి కాబట్టి మనకది పెద్ద ఖర్చు కాదు. ఇవ్వడం ఇష్టం లేకపోతే నవ్వుతూ "నో, గ్రాసియాస్" అని ఆగకుండా నడవండి. ఆగి ఇంగ్లీషులో కారణాలు చెప్పడం మొదలుపెడితేనే మాట పెరుగుతుంది. ఇంకొకటి, మన రంగు, పోలిక చూసి చాలామంది మనతో స్పానిష్‌లోనే మాట్లాడతారు. కంగారు పడకండి.

అమ్మగారి చేతికి మాత్రం రోజూ పొద్దున్నే కొన్ని నాణేలు ఇవ్వండి. చిన్న గుడ్డసంచిలో ఐదు, పది పెసోల నాణేలు విడిగా ఉంటే, ఎవరికైనా ఇవ్వాలనిపించినప్పుడు నడివీధిలో అసలు పర్సు తెరవనక్కర్లేదు. చూసే కళ్లకు లోపలి నోట్లు కనబడేది పర్సు తెరిచిన ఆ క్షణంలోనే. ఆవిడను ఇవ్వొద్దని ఆపకండి. పిల్లల విషయంలో మాత్రం ఒక మాట. చిక్లెట్ అనే చూయింగ్ గమ్ డబ్బాలు పట్టుకుని రాత్రిపూట రెస్టారెంట్లలో తిరిగే చిన్నపిల్లలను చూస్తే నాకు ఇప్పటికీ గుండె పిండినట్టు ఉంటుంది. మనం డబ్బులిస్తే ఆ బిడ్డను రేపు కూడా అదే వేళకు అక్కడికే పంపిస్తారు. తినడానికి ఏదైనా కొనిచ్చేదాన్ని, డబ్బులు ఇచ్చేదాన్ని కాదు.

పాత మాయా కట్టడాలున్న చిచెన్ ఇట్సాకు వెళ్తే దారి పొడవునా బొమ్మలు, జాగ్వార్‌లా అరిచే ఈలలు అమ్ముతుంటారు. ధర అడిగితే వెంటపడతారు, కొననివాళ్లు ఊరికే అడగొద్దు. అంతకుమించి వాళ్లతో ఇబ్బంది లేదు.

ఇక దొంగతనాలు. మెక్సికో సిటీ మెట్రోలో ఇదాల్గో, పీనో సువారెస్ లాంటి రద్దీ స్టేషన్లలో తలుపుల దగ్గర తోపులాట మొదలైందంటే ఫోన్ వెనక జేబులో ఉండకూడదు. బ్యాగు పొట్టకు ఆనించి పట్టుకోండి. రద్దీ వేళల్లో ముందు పెట్టెలు ఆడవాళ్లకు, పిల్లలకు కేటాయిస్తారు. అమ్మగారు, మీ ఆవిడ అందులో ఎక్కొచ్చు. పెద్దవాళ్లతో ఉన్నారు కాబట్టి రద్దీ వేళ మెట్రోకన్నా ఉబర్ మేలని నా అభిప్రాయం. వీధివైపు టేబుల్ మీద ఫోన్ పెట్టొద్దు. దొంగలు మ్యాపో కాగితమో చూపిస్తున్నట్టు ఫోన్ మీద పరిచి, వెళ్లేటప్పుడు ఫోన్‌తో సహా తీసుకుపోతారు. మీ చొక్కా మీద ఏదో మరక పడిందని తుడవడానికి వచ్చేవాడినీ దగ్గరికి రానివ్వకండి. తుడిచేవాడు ఒకడు, తీసేవాడు ఇంకొకడు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఊళ్ల మధ్య తిరిగే బస్సులో ల్యాప్‌టాప్ బ్యాగు పైన పెట్టి నిద్రపోయింది. దిగేసరికి బ్యాగు లేదు. బస్సు ఎక్కితే విలువైనది ఏదైనా కాళ్ల మధ్యే ఉండాలి.

న్యూజెర్సీ నుంచి, పాత సభ్యుడు:

అక్క చెప్పినవన్నీ నిజమే. ఫోన్ పోతే ఫోన్ కొనుక్కుంటాం. హెచ్1బి వాళ్లకు అసలు ప్రమాదం పాస్‌పోర్టు పోవడం, దాంట్లో ఉన్న అమెరికా వీసా పోవడం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

కొత్త పాస్‌పోర్టు మన ఎంబసీ ఇస్తుంది. అది మెక్సికో సిటీలో పోలాంకో అనే పేటలో ఉంది. కాన్‌కూన్‌లో పోతే విమానమెక్కి అక్కడికి వెళ్లాలి. తొందరగా ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది, అమెరికాకు కాదు. వీసా మళ్లీ వేయించుకోవడం ఇంకా కష్టం. సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో మాత్రమే అప్లై చేయాలని 2025 సెప్టెంబర్ నుంచి అమెరికా చెబుతోంది. మెక్సికోలోనే పాస్‌పోర్టులో వీసా వేసే స్టాంపింగ్ అయిపోతుందని లెక్క వేసుకోవద్దు. పోయిందని ఒకసారి రిపోర్ట్ చేశాక పాత పాస్‌పోర్టు దొరికినా ఆ వీసా చెల్లదు.

మన ఇళ్లలో ఒక అలవాటుంది. అందరి పాస్‌పోర్టులూ ఒక్క పౌచ్‌లో వేసి నాన్నగారి చేతికిస్తాం. అది మానండి. ఊళ్లో తిరిగేరోజు అన్నీ హోటల్ గదిలోని సేఫ్‌లో ఉండాలి, జేబులో జిరాక్సు చాలు. ఊరు దాటే రోజు మాత్రం ఒరిజినల్ తప్పనిసరి. రోడ్ల మీద ఇమిగ్రేషన్ వాళ్లు బస్సులు ఆపి చూస్తుంటారు. ఆ రోజు ఎవరిది వాళ్ల ఒంటి మీద, చొక్కా లోపల ఉండాలి. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-797 (హెచ్1బి మంజూరు కాగితం), ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి.

ఏదైనా జరిగితే 911. మెక్సికోలోనూ అదే నంబరు. తర్వాత పోలీస్ రిపోర్ట్, దాన్ని దెనున్సియా అంటారు. అది లేకుండా ఎంబసీలోనూ ఇన్సూరెన్స్ దగ్గరా పని జరగదు. కాబట్టి ఎంత ఆలస్యమైనా కాగితం చేతికి తీసుకుని కదలండి.

ఏటీఎం బ్యాంకు లోపలిదే వాడండి. డాలర్లలోకి మార్చి కట్ చేయమంటారా అని స్క్రీన్ మీద అడిగితే వద్దని నొక్కండి. పెసోకూ డాలరుకూ గుర్తు ఒకటే, బిల్లు చూసి ఏదో అడిగి తెలుసుకోండి. కారు అద్దెకు తీసుకుంటే పెట్రోలు వాళ్లే పోస్తారు, మీటరు సున్నా దగ్గర ఉందో లేదో మొదలుపెట్టేముందు చూడండి.

డాలస్ నుంచి, కొత్త సభ్యుడు:

చాలా థాంక్స్ అండీ. పాస్‌పోర్టుల సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇంకొక్క సందేహం. అమ్మ మెడలో పుస్తెలతాడు ఉంటుంది, తీయమంటే ఒప్పుకోదు. ఏం చేయాలి?

హ్యూస్టన్ నుంచి, ఇదివరకు గ్వాదలహారాలో ఉన్న సభ్యురాలు:

తీయించొద్దు తమ్ముడూ. నల్లపూసలు, గొలుసులు, గాజులు డాలస్‌లో పెట్టి రమ్మనండి. పుస్తెలు పసుపుతాడుకు మార్చుకుని వేసుకుంటే ఆవిడ మనసూ నొచ్చుకోదు, బయటకు బంగారం మెరవదు. మెడ దాకా ఉండే జాకెట్టో, చుడీదారో వేసుకుంటే ఇంకా మంచిది. మా అత్తగారు అక్కడికి వచ్చినప్పుడల్లా అలాగే చేసేవారు. బీచ్‌కి వెళ్లినప్పుడు నలుగురూ ఒకేసారి నీళ్లలోకి దిగకుండా ఒకరు సామాన్ల దగ్గర కూర్చోండి.

కాన్‌కూన్‌లో దిగగానే జరిగేది కూడా చెబుతాను. కస్టమ్స్ దాటాక ఒక హాలు వస్తుంది. అటూ ఇటూ యూనిఫాం లాంటి చొక్కాలు వేసుకున్నవాళ్లు "మీ బండి ఎక్కడ, మీ హోటల్ ఏది" అని పిలుస్తుంటారు. ఎయిర్‌పోర్టు ఉద్యోగులనుకుని నాన్నగారు ఆగిపోతారేమో, ముందే చెప్పండి. వాళ్లలో ఎక్కువమంది టైంషేర్లు (రిసార్టులో ఏటా కొన్ని రోజులు ఉండే వాటా), టూర్లు అమ్మేవాళ్లు. హోటల్‌కి బండి ముందే బుక్ చేసుకోండి. డ్రైవర్ మీ పేరున్న బోర్డుతో తలుపుల బయట నిలబడి ఉంటాడు. లోపల ఎవరికీ జవాబు చెప్పకుండా నేరుగా అతని దగ్గరికే వెళ్లండి. బండి దొరకకపోతే అక్కడే ఆదో అనే కంపెనీ బస్సుల కౌంటర్ ఉంటుంది, కాన్‌కూన్ ఊళ్లోకీ, మరో బీచ్ ఊరు ప్లాయా దెల్ కార్మెన్‌కూ అవి వెళ్తాయి.