కథ అనుకున్నది నవలిక అవుతోంది, ఏం చేయమంటారు?

కథలు రాసేవాళ్లకూ, ఇష్టంగా చదివేవాళ్లకూ నమస్కారం. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఒక ఊరి మీద కథ రాస్తున్నాను. వారపత్రికకు పంపడానికి పది పేజీల్లో ముగిద్దామనుకున్నాను. నలభై దాటింది, ముగింపు ఇంకా దూరంగానే ఉంది.

మొదట అనుకున్నది ఒక్క రోజు కథ. 1981లో ఊరు ఖాళీ చేయిస్తుంటే, ఇంటి ద్వారబంధం ఊడదీసి ఎడ్లబండి మీద వేసుకుపోయే ముసలాయన. అంతే. రాస్తుంటే ఆయన కోడలు ముందుకొచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు కదా, ఆ రాళ్లు మోసే కూలికి వెళ్తుంది. సెంటు భూమి లేని తన పుట్టింటివాళ్లకు పరిహారం ఏ లెక్కన ఇస్తారని ఆమె అడిగే ప్రశ్న ఒక్క రోజులో ఇమడడం లేదు. ఇమిడ్చితే ఉపన్యాసంలా ఉంటుంది.

సగానికి కొట్టేయమని స్నేహితుడు అన్నాడు. కొట్టేసి చూశాను. చదవడానికి చురుగ్గానే ఉంది గానీ, ముసలాయన ఎందుకు మాట్లాడడో తెలియకుండా పోయింది. నాకు అదే ముఖ్యం.

కోడలి భాగాన్ని విడదీసి వేరే కథ చేయనా? అలా ఒకే ఊరి మీద విడివిడి కథలు రాసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఒక కథ చదవనివాళ్లకు రెండోది అర్థమయ్యేలా ఎలా కుదిర్చారో చెప్పండి. లేక నిడివి సంగతి వదిలేసి నవలికగానే పూర్తి చేయమంటారా? అలాగైతే ముసలాయనతో మొదలైన కథ కోడలితో ముగిస్తే పాఠకులుగా మీకు ఎలా ఉంటుంది?