2008 అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ (NCAA) ఫైనల్: మెంఫిస్ ఫౌల్ చేసి ఉండాల్సిందా?

ఫుల్‌కోర్ట్:
శాన్ ఆంటోనియో ఫైనల్ మళ్లీ చూశాను, అదే కడుపుమంట. 2:12 మిగిలి ఉండగా మెంఫిస్ 60-51 మీద ఉంది. అక్కడి నుంచి 63-63 దాకా వచ్చి, ఓవర్‌టైమ్‌లో కాన్సస్ 75-68తో కప్పు ఎగరేసుకుపోయింది. రెగ్యులర్ టైమ్ చివర్లో మెంఫిస్‌కి 3 పాయింట్ల ఆధిక్యం, 10.8 సెకన్ల టైమ్. ఫౌల్ చేస్తే కాన్సస్‌కి త్రీ బదులు రెండు ఫ్రీ త్రోలే దక్కేవి, మెంఫిస్ కోచ్ కాలిపారీ అది చేయించలేదని అందరూ తిట్టేవాళ్లే. సరే, చేయాలంటే ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మీద?

బాక్స్‌అవుట్:
ఫౌల్ చేయాలనే చూశామని కాలిపారీయే తర్వాత చెప్పాడు. మెంఫిస్ గార్డు రోజ్ అడ్డుపడబోయాడు, బంతి తెస్తున్న కాన్సస్ గార్డు కాలిన్స్ తూలాడు, విజిల్ మాత్రం మోగలేదు. అంటే ఆలోచన ఉంది, చేతల్లో కుదరలేదు.

10.8 దగ్గరే ఫౌల్ చేస్తే తొందరపాటే. వాళ్లు రెండు ఫ్రీ త్రోలూ వేస్తే ఆధిక్యం 1కి పడిపోతుంది, వెంటనే మనల్ని ఫౌల్ చేస్తారు. బ్యాక్‌కోర్ట్‌లో అడ్డం తిరిగి నాలుగైదు సెకన్లు తినేయాలి. 6 సెకన్ల దగ్గర, మిడ్‌కోర్ట్ దాటీ దాటకముందే పట్టాలి. బంతి ఇంకా డ్రిబుల్‌లో, నడుము కింద ఉన్నప్పుడే. చెయ్యి బంతి మీదికే పోవాలి, ఒళ్లు మాత్రం రిఫరీకి కనిపించేంత గట్టిగా తగలాలి. బంతిని వదిలేసి మనిషిని వాటేసుకుంటే ఇంటెన్షనల్ ఫౌల్ (ఇప్పటి పేరు ఫ్లాగ్రంట్ 1) ఇస్తారు: రెండు త్రోలు, పైగా బంతి కూడా వాళ్లకే. ఆర్క్ (త్రీ-పాయింట్ గీత) దగ్గర డ్రిబుల్ ఆపి రెండు చేతుల్లోకి తీసుకున్నాడా, ఇక ముట్టుకోకూడదు. షాట్‌కి లేచాడంటే మూడు త్రోలు.

లోపోస్ట్:
బాక్స్‌అవుట్ గారూ, లెక్క బాగుంది గానీ ఫౌల్ ఆట ఆడాలంటే మనవాళ్లు త్రోలు వేయాలి కదా! చివరి 75 సెకన్లలో మెంఫిస్ వేసింది 5లో 1. వన్-అండ్-వన్ (మొదటిది పడితేనే రెండోది) మొదటిది డగ్లస్-రాబర్ట్స్ మిస్, తర్వాత అతనిదే రెండూ మిస్, రోజ్ రెండింట్లో ఒకటి. సీజన్ మొత్తం త్రోలలో వీక్ టీమే, కానీ లైన్ మీద నిలబడ్డ ఆ ఇద్దరూ జట్టులో నయమైనవాళ్లే. అక్కడ కోచ్‌ని ఏమనాలి?

నా దృష్టిలో అసలు తప్పు అంతకుముందే జరిగింది. కాన్సస్ బాస్కెట్ వేశాక ప్రెస్‌కి (కోర్ట్ అంతా అడ్డుకోవడానికి) దిగింది, గీత బయటనుంచి వేసే ఇన్‌బౌండ్ పాస్‌ని కాలిన్స్ కొట్టేశాడు, అదే ఊపులో త్రీ పడింది. బాస్కెట్ పడ్డాక ఇన్‌బౌండర్ బేస్‌లైన్ వెంట పరుగెత్తొచ్చు. ఒక్కచోటే నిలబడి మూలకి పాస్ ఇస్తే ఇద్దరు చుట్టుముట్టే ట్రాప్‌లో పడ్డట్టే. ఒక పొడవాటివాడు మధ్యలోకి రావాలి, ఒక గార్డు బంతికి వెనకాల సేఫ్టీగా ఉండాలి. అప్పట్లో షాట్ క్లాక్ (షాట్ వేసే గడువు) 35 సెకన్లు. బంతి కాపాడుకుంటే చాలు, గడియారమే గెలిపించేది.

వీక్‌సైడ్:
స్కోరు సమం చేసిన కాన్సస్ ఆటగాడు చామర్స్ త్రీ గురించి ఎవరూ ఎత్తలేదేం? అది కాన్సస్ కోచ్ సెల్ఫ్ ప్లేబుక్‌లోని ‘చాప్’. కాలిన్స్ బంతి తెస్తాడు, చామర్స్ వెనకనుంచి వచ్చి హ్యాండాఫ్ (చేతి నుంచి చేతికి ఇచ్చే పాస్) అందుకుంటాడు. హ్యాండాఫ్ మీద ఫౌల్ చేయడం ఆత్మహత్యే, ఎందుకంటే అందుకున్నవాడు అప్పటికే షాట్‌కి లేస్తుంటాడు. 3 ఆధిక్యంలో రెండు పాయింట్లు వదిలేసినా నష్టం లేదు కాబట్టి రిమ్ దగ్గర కాపలా దండగ. ఐదుగురూ ఆర్క్ బయటే ఉండి ప్రతి హ్యాండాఫ్‌కీ మాట్లాడుకుని స్విచ్ కావాలి (కాపలా మనిషిని మార్చుకోవాలి), హ్యాండాఫ్ ఇచ్చేవాడి వెనకనుంచి దూరకూడదు. షూటర్ డ్రిబుల్ పెట్టి లోపలికి పోయేలా చేస్తే పని అయినట్టే.

ఫుల్‌కోర్ట్:
స్విచ్ వాదన నచ్చింది. కానీ ఫౌల్ చేశాక వాళ్లు రెండో త్రో కావాలనే మిస్ చేసి రీబౌండ్ లాక్కుంటే?

బాక్స్‌అవుట్:
త్రో వేసేటప్పుడు రిమ్‌కి దగ్గరి గుర్తు, అదే బ్లాక్, దాని పక్క రెండు స్థానాలూ డిఫెన్స్‌వే కదా, ఆ ఇద్దరూ పక్కవాణ్ణి తుంటితో ఆపాలి, బంతి కోసం ఎగరడం తర్వాత సంగతి. షూటర్‌ని ఆపడానికి వేరే ఒకణ్ణి ముందే పేరుపెట్టి చెప్పాలి, అందరూ మరిచేది వాణ్ణే. ఆ రోజు డగ్లస్-రాబర్ట్స్ రెండో మిస్‌ని మెంఫిస్ ఆటగాడు డోజియర్ లాక్కున్నాడంటే, అక్కడ కాన్సస్ పక్కవాణ్ణి ఆపలేదన్నట్టే.