పీహెచ్‌డీలో సిస్టమ్స్ కోర్సు: గణితం నుంచి వచ్చినవాళ్లు ఎలా గట్టెక్కారు?

నమస్కారం. గణితంలో పీజీ చేసి కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీలో చేరాను. పరిశోధన అప్రాక్సిమేషన్ అల్గారిథమ్స్‌లో (కష్టమైన సమస్యలకు దాదాపు సరైన జవాబు కనుక్కునే పద్ధతులు), అంటే రోజంతా కాగితం, పెన్ను, నిరూపణలే. కానీ మా విభాగంలో థియరీ, సిస్టమ్స్, ఏఐల నుంచి ఒక్కో కోర్సు పూర్తిచేస్తేనే క్వాలిఫయింగ్ పరీక్షకు కూర్చోనిస్తారు. వచ్చే సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ తీసుకోక తప్పదు.

పైథాన్‌లో చిన్న ప్రోగ్రాములు రాయగలను. అక్కడ మాత్రం అంతా సీ భాషే. అందుకే ముందుగానే సాధన మొదలుపెట్టాను. లింక్డ్ లిస్టులో (గొలుసులా ఒకదానికొకటి కలిపిన డేటా) ఒక నోడ్‌ని ఫ్రీ చేశాక, అంటే దాని మెమరీ వదిలేశాక, తర్వాతి నోడ్‌ని చూపే దాని నెక్స్ట్ పాయింటర్ చదివితే ఒకసారి బాగానే నడుస్తుంది, ఇంకోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకిన తప్పు) అని ఆగిపోతుంది. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే టూల్ ఏ లైన్లో తేడా ఉందో చూపిస్తుంది కాబట్టి అదొక ఊరట. థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో సాగే పనులు), అవి ఒకదానికొకటి అడ్డుపడకుండా ఆపే లాకుల దగ్గరికి వచ్చేసరికే టెన్షన్. నడిపిన ప్రతిసారీ ఫలితం మారిపోతుంటే తప్పు పట్టుకునేదెలా?

మినహాయింపు అడగాలని లేదు, థియరీ వాళ్లకూ ఇది రావాలనే నా అభిప్రాయం. ముందు డిగ్రీ స్థాయి క్లాసులో ఆడిట్‌కి (క్రెడిట్ లేకుండా వినడానికి) కూర్చోవడం మేలా, నేరుగా చేరిపోవచ్చా? ఆ సెమిస్టర్‌లో రీసెర్చ్ ఎంతవరకు సాగింది? గైడ్‌తో ఈ మాట ఎలా కదిపారు? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.