అగస్టస్ నిర్ణయాన్ని మామూలు ట్రిబ్యూన్ అడ్డుకోగలిగేవాడా?

రోమన్ రిపబ్లిక్‌కీ చక్రవర్తుల పాలనకీ తేడా చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయాను.

రిపబ్లిక్ వరకు అర్థమైంది. ఏడాదికి ఇద్దరు కాన్సుల్స్ (అత్యున్నత పదవిలో ఉండేవాళ్లు), ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరు ఆపగలరు. ప్లెబియన్ల (సామాన్య పౌరుల) తరఫున పది మంది ట్రిబ్యూన్లు. వాళ్లలో ఒక్కరు వీటో చేసినా సెనేట్ (పెద్దల సభ) తీర్మానం ఆగిపోయేది.

చిక్కంతా క్రీ.పూ. 23 దగ్గరే. ఆ ఏడాది తొలి చక్రవర్తి అగస్టస్ కాన్సుల్ పదవి వదిలేసి ట్రిబ్యూన్ అధికారం తీసుకున్నాడు. పెట్రీషియన్ (పాత కులీన వర్గంవాడు) కాబట్టి, ప్లెబియన్లకే దక్కే ట్రిబ్యూన్ పదవిలోకి రాలేడు. అందుకే పదవి లేకుండా దాని అధికారం మాత్రమే, అదీ జీవితాంతం! తర్వాతి చక్రవర్తులు ఈ అధికారం తమకి ఎన్నో ఏడాదిలో ఉందో నాణేల మీద అంకె వేయించుకునేవాళ్లు. అంటే వాళ్లకి ఇదెంత ముఖ్యమో చూడండి. మరోపక్క పది మంది ట్రిబ్యూన్లు ఏటా వస్తూనే ఉన్నారు.

పాఠ్యపుస్తకాలు చూస్తే 'అధికారమంతా చక్రవర్తిదే' అని ఒక్క ముక్కలో తేల్చేశాయి. ఎన్‌సైక్లోపీడియా వ్యాసాల్లోనూ ఇంతకుమించి దొరకలేదు. చివరికి అగస్టస్ తను చేసిన పనుల గురించి స్వయంగా రాయించిన 'రెస్ గెస్టే' అనువాదం చదివాను. పలుకుబడిలో అందరినీ మించాను గానీ, తోటి పదవీదారులకన్నా ఎక్కువ అధికారం నాకు లేదని అందులో అంటాడు. కానీ ట్రిబ్యూన్ల విషయంలో ఆయన అసలు 'తోటి' వాడే కాదు కదా!

సైన్యం ఆయన చేతిలో ఉంది, ఎదిరించడానికి భయపడేవాళ్లు అన్న సంగతి తెలుసు. నాకు కావాల్సింది చట్టం సంగతి. క్రీ.పూ. 23 తర్వాత సెనేట్‌లో అగస్టస్ పెట్టిన ప్రతిపాదనను ఒక మామూలు ట్రిబ్యూన్ వీటో చేస్తే, చట్టప్రకారం అది చెల్లేదా?