చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయడం, రైతు చెప్పిన మాటను మన మాటగా రాయడం: థీసిస్‌లో ఎవరి పేరు ఎలా పెట్టాలి?

కోనసీమ_స్కాలర్ (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. కోనసీమ మురుగు కాలువల పూడిక మీద, 2011 ఖరీఫ్‌లో రైతులు సాగు ఆపేసిన పంట విరామం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇప్పుడు రాస్తున్న అధ్యాయంలో రెండు చోట్ల కలం ఆగిపోయింది.

మొదటిది, 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్‌లో (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) నీటిపారుదల గురించి ఉన్న ఒక మాట నాకు కావాలి. అది నాకు కనిపించింది శోధ్‌గంగలో (మన దేశపు థీసిస్‌లు దొరికే వెబ్‌సైట్) వేరొకరి థీసిస్‌లో. గెజిటీర్‌ని నేను తెరిచి చూడలేదు. "ఆ థీసిస్ పేరు ఎందుకు, నేరుగా గెజిటీర్ పేరు రాసెయ్, అందరూ చేసేదే" అంటున్నారు తోటివాళ్లు.

రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. అల్లవరం, ఉప్పలగుప్తం వైపు తిరిగినప్పుడు ఒక పెద్దాయన తమ ఊరి డ్రెయిన్ ఏ వరద తర్వాత ఎక్కడ పూడిందో, పోటు సమయంలో ఉప్పునీరు ఎక్కడి దాకా ఎగదన్నుతుందో గట్టు వెంట నడిపించి చూపించారు. ఇది నాకు ఏ రిపోర్టులోనూ దొరకలేదు. నా వాదనంతా దాని మీదే నిలబడింది. డిపార్ట్‌మెంట్‌లో మాత్రం "క్షేత్ర పరిశీలనలో తేలింది అని రాస్తే చాలు" అన్నారు. అలా రాస్తే అది నేను కనిపెట్టినట్టే కదండీ? మీ అనుభవాలు చెప్పండి.

గ్రంథాలయం_గోదావరి (రాజమండ్రి)

అమ్మా, రిటైరైన లైబ్రేరియన్‌ని. మొదటిదానికి నేను చెప్తాను. మీరు చదివింది థీసిస్ అయితే థీసిస్ పేరే రాయాలి. "ఫలానా గెజిటీర్, ఫలానా వారి థీసిస్‌లో ఉదహరించిన ప్రకారం" అని వాక్యంలో పెట్టి, చివరి ఆధారాల పట్టికలో థీసిస్‌ని మాత్రమే చూపించండి. ఆధారాలు రాసే ఏపీఏ పద్ధతిలో కూడా ఇదే చెప్తారు. పాత కాగితాలు వెతికి ఆ మాట బయటికి తీసింది ఆ థీసిస్ రాసినవాళ్లు. వాళ్ల కష్టాన్ని దాటేసి మూలం పేరు పెట్టుకోవడం అన్యాయం.

అంతకంటే మంచిది మూలాన్నే చూడటం. ఎఫ్.ఆర్. హెమింగ్వే రాసిన ఆ గెజిటీర్ స్కాన్ కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 1904లో తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. అంటే 1907 పుస్తకంలో "గోదావరి జిల్లా" అంటే నేటి పశ్చిమ డెల్టా అందులో లేదు. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. ఈ సంగతి తెలియకుండా ఆ పుస్తకంలోని జిల్లా లెక్కను రెండు డెల్టాలకీ వర్తింపజేస్తే, మీ తర్వాత పది మంది అదే తప్పు లెక్కను మీ పేరు మీద రాస్తారు. మూలం తెరిస్తే మొదటి పేజీల్లోనే మీకు సరిహద్దులు తెలుస్తాయి.

కాకినాడ_మెడికో

లైబ్రేరియన్ గారు చెప్పినదానికి మా రంగం నుంచి ఒకటి చెప్తాను, చాలా పెద్ద నష్టం జరిగిన విషయం. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో చేరి నల్లమందు జాతి నొప్పి మందులు తీసుకున్న 11,882 మందిలో నలుగురికే అలవాటు పడిన దాఖలా కనిపించిందని. అంతే. ఇంటికెళ్లి నెలల తరబడి వాడితే ఏమవుతుందో అందులో లేదు. 2017లో అదే జర్నల్‌లో ఆ ఉత్తరాన్ని ఎవరెవరు ఎలా వాడుకున్నారో లెక్క తీశారు. 608 చోట్ల ఉదహరించారు. అందులో 72 శాతం మంది ఈ మందులకు అలవాటు పడటం అరుదు అనడానికి దాన్నే రుజువుగా చూపించారు. అందులో ఉన్నది ఆసుపత్రి రోగుల సంగతని చాలామంది రాయనే లేదు. అమెరికాలో ఆ మందుల వల్ల ఎన్ని ప్రాణాలు పోయాయో మనకు తెలుసు. ఐదు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుందండి?

తెలుగు_మాష్టారు (పాలకొల్లు)

మా తెలుగు, చరిత్ర శాఖల్లో ఇంకో జబ్బు ఉంది. 2018లో కాపీ రాతల మీద యూజీసీ నిబంధనలు వచ్చాయి. ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి, 60 దాకా ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించకూడదు, అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. దీన్ని మా పిల్లలు "పది శాతం కాపీ కొట్టొచ్చు" అని అర్థం చేసుకున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి ఆలోచనో తీసుకుని పేరు చెప్పకపోతే అర శాతమైనా దొంగతనమే.

పైగా ఆ పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మన భాషను సరిగా చూడలేదు. అను ఫాంట్లలో టైపు చేసిన థీసిస్‌లో దానికి కనిపించేది తెలుగు కాదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు వ్యాసాన్ని పేరాకి పేరా తెలుగు చేసి పెట్టినా, తెలుగు పుస్తకాన్ని ఇంగ్లీషు చేసి పెట్టినా రిపోర్టు శుభ్రంగా వస్తుంది. ఇలాంటివి నేను పరీక్షకుడిగా కళ్లారా చూశాను. ఊళ్లో కూర్చుని, సొంత ఖర్చుతో స్థానిక చరిత్ర అచ్చువేసుకున్న పెద్దవాళ్ల పుస్తకాలే ఎక్కువగా ఇలా పోతున్నాయి. వాటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) ఉండదు, అడిగేవాళ్లు ఉండరు.

చెరువు_గట్టు (భీమవరం)

ఆక్వా మీద పని చేస్తున్న జూనియర్ల డ్రాఫ్టులు చూస్తుంటాను. రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ వ్యాధి మీద ఏఐ టూల్‌ని అడిగి తెచ్చిన రిఫరెన్సుల్లో రచయిత నిజం, జర్నల్ నిజం, పేపర్ మాత్రం లోకంలోనే లేదు. ప్రతి డీవోఐ నంబరూ (ఆన్‌లైన్‌లో పేపర్‌ని గుర్తించే నంబరు) తెరిచి చూడమంటున్నాను. తెరుచుకున్నా సరే, శీర్షిక అదేనా కాదా చూడాలి.

తణుకు_కామర్స్

గైడే తన పేపర్లు, తన స్నేహితుల పేపర్లు కలపమంటే ఏం చెయ్యాలండి? నా విషయానికి వాటితో సంబంధం లేదు. కాదంటే వైవా టైమ్‌లో ఏమవుతుందోనని టెన్షన్.

గ్రంథాలయం_గోదావరి (రాజమండ్రి)

బాబూ, ఎదురు చెప్పకుండా అడిగే పద్ధతి ఒకటుంది. ఆ పేపర్లు చదవండి. "సార్, ఈ పేపర్‌ని ఏ అధ్యాయంలో ఏ వాదన దగ్గర పెట్టమంటారు?" అని మెయిల్‌లో అడగండి. నిజంగా చోటు ఉంటే చూపిస్తారు, అప్పుడు పెట్టడంలో తప్పులేదు. చోటు లేకపోతే చాలామంది అక్కడితో ఆగిపోతారు. కృతజ్ఞతల పేజీలో గైడ్ గురించి ఎంతైనా రాయండి, అది మీ ఇష్టం. ఆధారాల పట్టిక పాఠకుడిది.

తణుకు_కామర్స్

అడిగి చూస్తాను సార్. కానీ మా దగ్గర మెయిల్ పెట్టడమే ఎదురు చెప్పడం కింద లెక్క.

వరి_చేను (మార్టేరు దగ్గర)

కోనసీమ చెల్లెమ్మ అడిగిన రెండో ప్రశ్న దగ్గరికి ఎవరూ రాలేదు. నేను వరి మీద పని చేస్తాను కాబట్టి వరి నుంచే చెప్తాను. మన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైంది. దానికి ముంపు తట్టుకునే శక్తి తర్వాత చేర్చారు. సబ్-1 అనే జన్యువు వల్ల రెండు వారాల దాకా నీళ్లలో మునిగినా పైరు బతుకుతుంది. 2006లో ఆ జన్యువు మీద నేచర్‌లో పేపర్ వచ్చింది, 2009లో స్వర్ణ సబ్-1 విడుదలైంది. ఆ జన్యువు ఎఫ్ఆర్ 13ఏ అనే రకం నుంచి వచ్చింది. అది ఒడిశా రైతులు తరతరాలుగా పండించిన నాటు వరి నుంచి ఎంపిక చేసినది. శాస్త్రవేత్తల పేర్లు వేల పేపర్లలో ఉన్నాయి, వాళ్లు అర్హులు కూడా. వరదొచ్చిన ప్రతిసారీ బతికిన కంకిని విత్తనానికి దాచిన మనుషుల పేర్లు ఎక్కడా లేవు. మన దేశంలో 2001 చట్టం రైతు హక్కుల్ని, విత్తనాన్ని కాపాడిన సమూహాల్ని గుర్తించింది. చట్టం గుర్తించిన మనిషిని థీసిస్ ఎందుకు గుర్తించకూడదు?

అందుకని నా సలహా ఏంటంటే, ఆ పెద్దాయన మాటను "పరిశీలనలో తేలింది"లో కలపొద్దు. ఆయన ఒప్పుకుంటే పేరుతో, ఊరితో, తేదీతో రాయండి. పరీక్షకుడు అడిగితే అదే మీకు బలం.

ఏటిమొగ_అక్క (కాట్రేనికోన)

తొందరపడి పేరు పెట్టొద్దని నేనంటాను. 1996 నవంబర్ 6 తుపానులో భర్తలు తిరిగిరాని ఆడవాళ్లతో బలుసుతిప్ప, భైరవపాలెంలో మాట్లాడాను. ఒకామె "మా ఆయన పేరు తప్పకుండా రాయమ్మా, ఎవరూ రాయలేదు" అంది. ఇంకొకామె పరిహారం గొడవ అత్తింటివాళ్లతో ఇంకా నడుస్తోందని, ఊరి పేరు కూడా వద్దంది. ఇద్దరికీ ఒకే ఫారం మీద సంతకం పెట్టించుకుని ఒకేలా రాస్తే ఒకరికి అన్యాయం జరుగుతుంది. చెల్లెమ్మా, మీ విషయంలోనూ డ్రెయిన్ పక్కన ఆక్రమణలు, చేపల చెరువులు ఉంటే ఆయన చెప్పిన మాట పక్క రైతుకు తగలొచ్చు. పేరు అచ్చయ్యాక మీరు వెళ్లిపోతారు, ఆయన అక్కడే ఉండాలి. రాసిన పేరా తీసుకెళ్లి చదివి వినిపించి, అప్పుడు అడగండి.

ఇంకోటి. సర్వేలో మాట్లాడిన అందరూ ఒకటి కాదు. యాభై మందిని అడిగి లెక్క వేస్తే అది డేటా, అక్కడ పేర్లు దాచడమే పద్ధతి. ఒక మనిషి తన ఆలోచనతో మీకు దారి చూపిస్తే ఆయన మీకు ఆధారం. మీ పెద్దాయన ఈ రెండోవాడు.

కోనసీమ_స్కాలర్ (అమలాపురం)

అక్కా, చెరువుల సంగతి నాకు తట్టనే లేదు. ఆ డ్రెయిన్ పక్కన నిజంగానే ఉన్నాయి. గెజిటీర్ డౌన్‌లోడ్ చేశాను లైబ్రేరియన్ గారూ, మీరన్నట్టే సరిహద్దులు వేరు. పంట విరామం ఎకరాల లెక్క కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంది, ఏ లెక్క ఎవరిదో వాక్యంలోనే రాస్తున్నాను. ఆదివారం అల్లవరం వెళ్తున్నాను. ఆయన పేరుకు ఒప్పుకుంటే ఆధారాల పట్టికలో ఎలా ఎక్కించాలి? ఒప్పుకోలు పత్రం తెలుగులో ఎవరి దగ్గరైనా ఉందా?

గ్రంథాలయం_గోదావరి (రాజమండ్రి)

మీ యూనివర్సిటీ ఏ పద్ధతి అడుగుతుందో చూడండి. ఏపీఏ అయితే ఇలాంటి సంభాషణ వాక్యంలోనే పేరు, తేదీతో వస్తుంది, పట్టికలోకి ఎక్కదు. ఎంఎల్ఏ అనే ఇంకో పద్ధతి అయితే పట్టికలో కూడా ఇంటర్వ్యూగా పెట్టొచ్చు. ఏదైనా సరే, రికార్డింగ్ మొదట్లో తేదీ, ఊరు, అడిగేవారి పేరు మీ గొంతుతో చెప్పండి.

ఏటిమొగ_అక్క (కాట్రేనికోన)

పత్రం నా దగ్గర ఉంది. పేరు రాయాలా, ఊరు రాయాలా, ఫొటో వాడాలా అని విడివిడిగా అడిగేలా తయారు చేసుకున్నది. చదవలేనివాళ్లకు చదివి వినిపించి, సాక్షి సంతకం తీసుకోవడానికి కింద చోటుంది. సాయంత్రం ఇక్కడే పెడతాను.