యెరూషలేము నుంచి తిప్పి పంపేస్తే అది యాత్రేనా?

కొండదారి: యేసు సభ అనే సన్యాస సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ జీవితకథ చెప్పి రాయించినప్పుడు తనను తాను ‘యాత్రికుడు’ అనే చెప్పుకున్నారు. 1523లో యెరూషలేము చేరి, అక్కడే ఉండిపోదామనుకున్నారు. అక్కడి క్షేత్రాలు చూసుకునే ఫ్రాన్సిస్కన్ సన్యాసుల పెద్ద ఒప్పుకోలేదు. మాట వినకపోతే శ్రీసభ (క్యాథలిక్ సంఘం) నుంచి వెలివేసే అధికారం ఉందన్నారు. చేసేది లేక తిరిగొచ్చారు. నన్నడిగితే క్షేత్రం ఆయనకు అడ్డే. అది వదిలాకే అసలు పని మొదలైంది.

మరియబిడ్డ: అడ్డేమిటండీ? బయల్దేరే ముందు ఎవరికీ చెప్పకుండా ఓలీవు కొండకు వెళ్లారు. కాపలావాళ్లకు కలం చెక్కే చాకు ఇచ్చి, ప్రభువు మోక్షారోహణమైన చోట పాదముద్రల రాయి చూశారు. దగ్గర్లోని బేత్ఫగే ఊరి దాకా వచ్చాక, కుడి పాదం ఎటుందో, ఎడమది ఎటుందో చూడలేదని గుర్తొచ్చింది. మళ్లీ వెళ్లారు. ఈసారి కత్తెర ఇచ్చారు!

సందేహి77: లంచమిచ్చిన పునీతుడు. బాగుంది.

మరియబిడ్డ: లంచం కాదు, రుసుము.

సందేహి77: రసీదేదీ?

కొండదారి: ఆ గొడవ వదలండి. 1534లో పారిస్‌లో మిత్రులతో మొక్కుకున్నప్పుడే, యెరూషలేము కుదరకపోతే పోపు గారి దగ్గరికి వెళ్తామన్నారు. 1537లో వెనిస్‌లో ఓడ కోసం కాచుకున్నారు. తురుష్కులతో యుద్ధం, ఓడ కదల్లేదు. రోమ్ వెళ్లారు. 1540లో యేసు సభకు ఆమోదం వచ్చింది. 1556లో చనిపోయేదాకా అక్కడే, ఉత్తరాలు రాస్తూ. వెళ్లకపోతే ఏం తగ్గింది?

మరియబిడ్డ: ఓడ లేక ఆగారు, ఇష్టం లేక కాదు. మీకు భక్తి లేకపోతే లేదనండి, పునీతుణ్ణి అడ్డం పెట్టుకోకండి.

కొండదారి: భక్తి గురించి మీరు చెప్పాలా? పోయిన ఫిబ్రవరిలో అమ్మను గుణదల తిరునాళ్లకు తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులు. కొండ ఎక్కలేక, వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని కింది మెట్టు మీదే కూర్చుంది. ‘పైన సిలువ దాకా పోకపోతే మొక్కు తీరనట్టే’ అంది పక్కింటావిడ. నెల్లాళ్లు అమ్మకు అదే దిగులు.

మరియబిడ్డ: ఆ మాట అనకూడదు, తప్పే. కానీ మా ఇంట్లో ఆయన ‘దేవుడు ఇక్కడ లేడా’ అంటూ ఇరవై ఏళ్లుగా నన్ను వేళాంగణి పోనివ్వలేదు. మీ వాదన చదువుతుంటే ఆయన గొంతే వినిపించింది.

కొండదారి: నేను వెళ్లలేనివాళ్ల గురించి అన్నాను.

మరియబిడ్డ: నేను వెళ్లనివ్వనివాళ్ల గురించి.

సందేహి77: ఇంతకీ కుడి పాదం ఎటుందట?

మరియబిడ్డ: అది చెప్పలేదండీ. కత్తెర సంగతే చెప్పారు.