కియారా అంటే వెలుగా, నలుపా?

మిలాన్‌లో ఉంటున్న మా అక్కకి పాప పుట్టింది. అక్కడి పేరే పెడదామని "కియారా" అనుకున్నారు. స్పెల్లింగు సీహెచ్‌తో మొదలవుతుంది కాబట్టి ఇక్కడ చుట్టాలంతా "చియారా" అని చదివేస్తున్నారు. లాటిన్‌లో వెలుగు, స్వచ్ఛం అనే అర్థమున్న 'క్లారా' నుంచి వచ్చిందట. 1253లో చనిపోయిన అస్సీసీ సెయింట్ క్లారాని ఇటలీలో ఇలాగే పిలుస్తారు. అంటే మన క్యాథలిక్ ఇళ్లలోని క్లారమ్మదీ ఇదే పేరన్నమాట!

అంతవరకు బాగుంది. కానీ మా పిన్ని ఎక్కడో చూసి "నల్లనిది అని అర్థం" అనేసరికి అమ్మకి టెన్షన్ పట్టుకుంది. అది సీఐతో రాసే ఐర్లండ్ పేరు, రెండూ వేరు అనుకుంటున్నాను. నిజమేనా? బర్త్ సర్టిఫికెట్‌లో 'కే'తో రాయిస్తే ఇటలీవాళ్లకి వింతగా ఉంటుందా? అసలు పలకడం "కియారా"నా, "క్యారా"నా? అక్కడ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి, బారసాల వచ్చే ఆదివారమే.